గడియారాల ఇంట్లో దగ్గు

ఆ సందుకి మంచి పేరు లేదు. చీకటి పడ్డాక కుక్కలు కూడా అటు తొంగిచూడవనేవాళ్ళు. కుక్కల సంగతి నాకు తెలియదు గానీ, మనుషులు తొంగిచూడకపోవడం మాత్రం నిజం. బజారు నుంచి ఆసుపత్రి వీధికి అదే దగ్గర దారి. అయినా సరే, వీధి దీపాలు వెలిగాయంటే చాలు, ఎంత తొందర పనున్నవాడైనా చుట్టూ తిరిగే పోయేవాడు.

సందు మధ్యలో ఒక ఇల్లు. ముందు గది గడియారాలు బాగుచేసే దుకాణం, వెనక గదులు కాపురానికి. ఇనప షట్టరుకి తాళం, తాళం మీద పోలీసులు వేసిన లక్కముద్ర. లోపల మనిషి లేడు. దీపం లేదు.

కానీ గడియారాలు నడుస్తుండేవి.

టిక్... టిక్... టిక్... ఒకటి కాదు, గోడల నిండా ఉన్నవన్నీ. ఉన్నట్టుండి అన్నీ కలిసి గంటలు కొట్టేవి. తాళం వేసి ఏడాది దాటిన ఇంట్లో గడియారాలకి కీ ఇస్తున్నది ఎవరు?

ఇంకెవరు — గడియారాలాయనే.

ఆయన పోయిన తీరు అలాంటిది మరి. ఒక వాన సాయంత్రం, కంటికి భూతద్దం పెట్టుకుని, బల్లమీదికి వంగి పనిచేసుకుంటున్నవాడు అలాగే ఉండిపోయాడు. వెనక నుంచి ఎవరో తలమీద కొట్టారు. ఒక్క గడియారం పోలేదు. సొరుగు లాగినవాళ్ళు కూడా లేరు. పోనీ పగవాళ్ళున్నారా అంటే ఊరంతా తెల్లమొహం వేసింది. అంత మంచివాడు! ఇన్‌స్పెక్టరు అందర్నీ పిలిచి అడిగాడు, అడిగినవాళ్ళనే మళ్ళీ అడిగాడు, చివరికి తాళానికి ముద్ర వేసి ఊరుకున్నాడు. చంపినవాడు దొరకలేదు.

చచ్చినవాడు మాత్రం తరచూ దొరికేవాడు.

రాత్రిపూట ఆ ఇంటి ముందు నుంచి వెళ్తే షట్టరు వెనక నుంచి ఒక గొంతు — "టైమెంతైంది?" అని అడిగేది. జవాబు చెప్పకూడదట. చెబితే, మర్నాడు సరిగ్గా ఆ టైముకి చెప్పినవాడి టైమూ అయిపోతుందట. సోడాబండివాడు ఒకసారి నోరుజారి చెప్పేశాడు. మర్నాడు ఆ టైము దాటేదాకా మంచం కింద పడుకున్నాడు. దాటింది. ఏమీ కాలేదు. "వాడి వాచీ తప్పు చూపిస్తుంది, అందుకే బతికిపోయాడు," అన్నారు జనం.

ఇక సూదమ్మ సంగతి. నాకు చెప్పినవాళ్ళు ఆవిడ నోటి నుంచే విన్నారట. నేను విన్నది విన్నట్టే చెబుతున్నాను. ఎక్కడైనా ఉప్పూకారం ఎక్కువైందనిపిస్తే అది వాళ్ళ చేతి చలవ.

సూదమ్మ ఇళ్ళకి వెళ్ళి ఇంజక్షన్లు చేసే నర్సు. చిన్నపిల్లలు దెయ్యాల కంటే ఆవిడకే ఎక్కువ భయపడేవాళ్ళు. పగలు మహా ధైర్యస్తురాలు. "అరవకండి, చీమ కుట్టినట్టు కూడా ఉండదు," అంటూ ఎంతటి మొనగాణ్ణయినా మంచానికి అదిమేసేది. చీకటి పడితే మాత్రం పెరట్లో బట్టలు తియ్యడానికి కూడా మొగుణ్ణి తోడు పిలిచేది. ఆయన బస్సు కండక్టరు. "పద, పద, లోపలికి జరుగు," అంటూ వెనకే వచ్చేవాడు.

ఆ రోజు బజారులో ఒక ముసలావిడకి సూది వేసి బయటికి వచ్చేసరికి దీపాలు వెలిగాయి. పెద్ద రోడ్డుకి అడ్డంగా నీటిగొట్టాల కోసం కందకం తవ్వేశారు. పైన వాన. గుంటలో నీళ్ళు. ఆసుపత్రి వీధిలోని ఇంటికి అటు దాటే దారి లేదు.

మిగిలింది ఆ సందే.

"నాలుగంగల్లో దాటేస్తాను," అని తనకి తానే చెప్పుకుని అడుగు వేసింది. ఒక చేతిలో సంచీ, ఇంకో చేతిలో గొడుగు. చెవులు మూసుకుందామంటే మూడో చెయ్యి లేదు.

టిక్... టిక్... టిక్...

చూడకూడదు. ఆగకూడదు. సరిగ్గా షట్టరు ముందుకి వచ్చేసరికి చెప్పు బురదలో దిగబడింది. లాగింది... రాలేదు. ఇంకా లాగింది...

"టై... మెం... తైం... ది?"

సూదమ్మ ఒక చెప్పు వదిలేసి పరిగెత్తబోయింది —

అప్పుడు దెయ్యం దగ్గింది.

ఉత్త దగ్గు కాదు. గుండెల అడుగు నుంచి గురగురమంటూ లేచి, తెరలు తెరలుగా సాగి, చివర సన్నగా ఈల వేసే దగ్గు. అలాంటి దగ్గు వింటే సూదమ్మకి ఇంకేమీ గుర్తుండదు.

"ఎన్నాళ్ళ నుంచీ?" అంది.

తనేనా అన్నది? గొడుగు వెనక్కి వంచి, చెవి షట్టరు దగ్గర పెట్టింది.

"జ్వరం కూడా ఉందా?"

"...సాయంత్రాలు వస్తోంది," అంది దెయ్యం.

"కఫం ఏ రంగులో పడుతోంది?"

"చీకట్లో ఉంటానమ్మా. రంగెలా తెలుస్తుంది?"

అప్పటికి గానీ ఆవిడకి తట్టలేదు — చచ్చినవాడికి జ్వరమేంటి? భయం కాస్తా ఒక మెట్టు దిగింది. దెయ్యానికి కూడా తప్పు తెలిసినట్టుంది, గొంతు బొంగురు చేసి, "పో... ఇక్కణ్ణించి పో... నేను దెయ్యాన్ని..." అంది.

"నిజంగా దెయ్యమైతే మందక్కర్లేదు, పోతాను," అంది సూదమ్మ. "కాకపోతే మాత్రం, ఈ దగ్గుతో నాలుగు రోజుల్లో నిజంగానే అవుతారు. మీ ఇష్టం."

ఇంటి వెనక వైపు ఏదో తలుపు కిర్రుమంది.

గోడ పక్కనుంచి తడుముకుంటూ వెళ్ళింది. లోపల కొవ్వొత్తి. నాలుగు గోడల నిండా గడియారాలు. వాటి మధ్య రగ్గు కప్పుకుని, మంకీ టోపీ పెట్టుకుని వణుకుతున్న గడ్డం మనిషి. ఎవడో దొంగ, తలదాచుకున్నాడు, అంతే... అనుకుంటూ కొవ్వొత్తి పైకెత్తి మొహం చూసింది.

కొవ్వొత్తి చేతిలోంచి జారిపోయింది.

అది గడియారాలాయన మొహం! పిండిమరలో, వాళ్ళ అక్క గోడకి తగిలించిన ఫొటోలోని మొహం!

"మీరు... మీరు పోయారు కదా!" చీకట్లోంచి ఆవిడ గొంతు కీచుమంది.

"పోలేదమ్మా," అన్నాడాయన విసుగ్గా. "ఊరెళ్ళాను."

మళ్ళీ కొవ్వొత్తి వెలిగించి, దగ్గు దగ్గుకి మధ్య చెప్పాడు. అక్కతో పోట్లాడి, దూరాన గడియారాల కర్మాగారంలో పనికి వెళ్ళిపోయాడు. ఒక్క ఉత్తరం రాయలేదు. కోపం చల్లారి తిరిగొచ్చి బస్సు దిగితే, టీ కొట్టు దగ్గర జనం తన చావు గురించే మాట్లాడుకుంటున్నారు. తను లేనప్పుడు తనలాంటివాడే ఒకడు వచ్చి, తనలాగే ఇక్కడ కాపురం పెట్టి, తన కుర్చీలో కూర్చుని, తన బదులు చచ్చిపోయాడు.

"వాణ్ణి ఎంత పొగిడారనుకున్నారు! పిల్లలకి బొమ్మలు చేసిచ్చేవాడట. అందర్నీ నవ్వుతూ పలకరించేవాడట. 'గడియారాలు ఈమధ్య కాస్త వెనక నడిచేవి గానీ, మనిషి ఎంత బాగుపడ్డాడో,' అంటారా! ఇన్నేళ్ళు సరిగ్గా టైము చూపించే గడియారాలిచ్చాను, నన్నొక్కడూ ఇలా అనలేదు."

"మరి బతికే ఉన్నానని అందరికీ చెప్పొచ్చుగా?" అంది సూదమ్మ.

"చెబితే? మరి చచ్చినవాడెవడు, వాడు నీ ఇంట్లో చచ్చాడెందుకు అంటారు. ముందు నన్నే పట్టుకుంటారు." గొంతు తగ్గించాడు. "పైగా... కొట్టినవాడు నా కోసమే వచ్చాడేమో. ఇంకా ఊళ్ళోనే ఉన్నాడేమో. దెయ్యమైతే మళ్ళీ ఎవరూ చంపరుగా?"

"మీ అక్క దగ్గరికైనా పోయుండాల్సింది."

ఆయన మొహం తిప్పుకున్నాడు. "వెళ్ళాను. నా తమ్ముడు చచ్చిపోయాడు, నువ్వెవడివి అని తలుపేసింది."

సూదమ్మ సంచీ విప్పింది. సూదికి మాత్రం ఆయన పెట్టిన కేక మామూలుది కాదు. ఆ కేక విని చుట్టుపక్కల వీధులవాళ్ళందరూ కిటికీలు కూడా మూసేసుకున్నారు.

మర్నాడు పొద్దున్నే ఆవిడ పిండిమరకి వెళ్ళింది. ఆ మర నడిపేది గడియారాలాయన అక్కే. ఏళ్ళ తరబడి ఆ హోరులో మాట్లాడి మాట్లాడి ఆవిడకి మెల్లగా మాట్లాడటం చేతకాకుండా పోయింది. చెవిలో రహస్యం చెబితే పక్క వీధిలో పసిపిల్లలు నిద్రలేచేవాళ్ళు.

"అక్కా, మీ తమ్ముడు బతికే ఉన్నాడు," సూదమ్మ ఆవిడ దగ్గరగా వంగి గొణిగింది.

"ఆఁ?"

"బతికే ఉన్నాడు! ఒంట్లో బాగాలేదు!"

అక్క మర ఆపింది. పిండి పట్టిన కనురెప్పలు టపటపలాడించింది.

"తెలుసు!" అని అరిచింది.

డబ్బాలు పట్టుకుని వరసలో నిలబడ్డవాళ్ళందరూ ఇటు తిరిగారు.

"వచ్చి తలుపు కొట్టాడుగా! వాడే! ఆ మొహం, ఆ చిరాకు, నేను ఎరగనా? పొమ్మన్నాను!"

"అదేంటక్కా... సొంత తమ్ముణ్ణి?"

"నేను ఏడుస్తున్నది వాడికోసం కాదుగా మరి!"

అక్క మర అంచున కూలబడింది. అయినా గొంతు మాత్రం తగ్గలేదు.

"ఆ పోయిన పిల్లాడు ఒకరోజు బస్సు దిగి నిలబడ్డాడు. వెనక నుంచి చూసి తమ్ముడే అనుకుని, 'ఒరేయ్, ఇప్పటికి గుర్తొచ్చానా!' అని కేకేశాను. తిరిగాడు. అదే గడ్డం, అవే కళ్ళద్దాలు, మొహం కూడా అచ్చు అదే. కానీ ఏమన్నాడో తెలుసా? 'ఎండలో నిలబడ్డావేంటక్కా, ఏమైనా తిన్నావా?' అన్నాడు. నా తమ్ముడు బుద్ధెరిగాక ఒక్కసారి ఆ మాట అడిగినవాడు కాదు! అక్కడికక్కడే తెలిసిపోయింది, వీడు వాడు కాదని!"

"మరి నువ్వెవరివని అడగలేదా?"

"అడిగితే వెళ్ళిపోతాడేమోనని," అంది అక్క. "అందుకే... వాడున్నన్నాళ్ళూ అడగలేదు."

ఆ మాట ఊరు మొత్తం విన్నది. మధ్యాహ్నానికి ఇన్‌స్పెక్టరుకీ తెలిసింది. లక్కముద్ర తీసి, గడియారాలాయన్ని రగ్గుతో సహా ఆసుపత్రికి చేర్చారు. ఆ వాన సాయంత్రం ఆయన కర్మాగారంలోనే ఉన్నాడని అక్కడి పనివాళ్ళే వచ్చి చెప్పారు. ఊరు ఊపిరి పీల్చుకుంది. ఇన్‌స్పెక్టరు అందరికంటే గట్టిగా పీల్చుకున్నాడు.

"హత్యకి గురైనవాడు బతికే ఉన్నాడు కాబట్టి..." అని మొదలుపెట్టాడు.

"మరి కుర్చీలో పడి ఉన్నది ఎవరండీ?" అంది సూదమ్మ.

"అదీ... చూద్దాం," అన్నాడు. అంటే చూడనని.

గడియారాలాయన దగ్గు తగ్గి అక్క ఇంటికి చేరాడు. గోడ నిండా ఉన్న గడియారాలన్నీ బండిలో వేసుకుని తెచ్చుకున్నాడు. ఇద్దరూ మళ్ళీ పోట్లాడుకోవడం మొదలుపెట్టారు. కాకపోతే ఇప్పుడు రోజూ రాత్రి, పాఠం అప్పజెబుతున్న పిల్లాడిలా ఎటో చూస్తూ, "తిన్నావా?" అని అడిగేవాడు. అక్క "ఆఁ" అని అరిచేది. జనం ఆ దెయ్యం మాట చెప్పుకుని పగలబడి నవ్వుకున్నారు. సందులో సైకిళ్ళు తిరిగాయి. అంతా బాగుంది.

ఒక సాయంత్రం సూదమ్మ పిండి ఆడించుకుంటూ ఉంటే, అక్క మర ఆపి ఆవిడ చెయ్యి పట్టుకుంది. గోడమీద ఆ ఫొటో ఇంకా ఉంది.

"సూదమ్మా..."

సూదమ్మ ఉలిక్కిపడింది. అక్క గుసగుసలాడటం ఆవిడ ఎన్నడూ వినలేదు.

"అందరూ సంతోషంగా ఉన్నారు. నేనూ ఉన్నాను. కానీ ఒకడైతే చచ్చిపోయాడుగా... వాడు నా తమ్ముడి పేరుతో పోయాడు. ఇప్పుడు ఆ పేరు కూడా వాడిది కాకుండా పోయింది. వాడికోసం ఏడవాలంటే... ఏమని ఏడవను?"

ఆ రాత్రి సూదమ్మ అన్నం సగంలోనే లేచి చెయ్యి కడుక్కుని, "ఏవండీ, లేవండి. ఆ సందు దాకా వెళ్ళొద్దాం," అంది మొగుడితో.

"ఇప్పుడా?"

"పగలు వెళ్తే పలుకుతాడో లేదో."

కండక్టరు సందు మొదట్లోనే ఆగిపోయాడు. "నువ్వెళ్ళు. నేనిక్కడే ఉంటాను. ఏదన్నా అయితే విజిల్ వేస్తాను," అన్నాడు. ఏదన్నా అయితే విజిల్ వెయ్యాల్సింది ఎవరో ఆయనకే తెలియాలి.

సూదమ్మ ఒక్కతే నడిచింది. గడియారాలు లేవు. టిక్కుమనే చప్పుడు లేదు. ఆ చప్పుడే నయమనిపించింది. అంత నిశ్శబ్దంలో తన చెప్పుల శబ్దం కూడా ఎవరో వెంట వస్తున్నట్టుంది... షట్టరు ముందు నిలబడింది. ఇంకెవరైనా అయితే, నిన్ను ఎవరు చంపారని అడిగేవాళ్ళు. ఆవిడకి ఆ ఆలోచనే రాలేదు.

"బాబూ..." అంది మెల్లగా. "మీ పేరేంటి?"

ఏమీ లేదు.

"ఎవరూ అడగలేదట కదా. తప్పే. అడుగుదామని వచ్చాను."

ఏమీ లేదు. గాలి కూడా లేదు. నా పిచ్చి గానీ, అనుకుని వెనక్కి తిరిగింది.

అప్పుడు... షట్టరుకి అవతల, సరిగ్గా ఆవిడ చెవి ఎత్తులో... ఎవరో గొంతు సవరించుకున్నారు. దగ్గు కాదు. బిడియపడుతున్న మనిషి గొంతు. ఒక పేరు చెప్పింది. ఇంటిపేరుతో సహా, తడబడుతూ, చాలా రోజులుగా వాడని మాట పలికినట్టు.

సూదమ్మ అక్కడే నిలబడింది. ఒంటిమీద వెంట్రుకలన్నీ లేచాయి. అయినా నిలబడింది. అది ఆవిడ గొప్పతనమే.

"సంతోషం అమ్మా," అంది గొంతు. "లోపలికి రండి. కొట్టిందెవరో కూడా చెప్తాను..."

కిర్రుమంటూ షట్టరు కింద జానెడు సందు తెరుచుకుంది.

అప్పుడు పరిగెత్తింది. కండక్టరు ఎందుకో ఏమిటో తెలియకుండానే విజిల్ ఊదుతూ ఆవిడ ముందు పరిగెత్తాడు.

పొద్దున్నే స్టేషనుకి వెళ్ళి ఆ పేరు చెప్పింది. ఇన్‌స్పెక్టరు నవ్వుతూనే అన్ని ఊళ్ళకీ ఫోన్ చేయించాడు. రెండో రోజుకి ఆ నవ్వు పోయింది. ఎక్కడో దూరపు ఊళ్ళో అదే పేరు, అదే ఇంటిపేరు గలవాడు కనపడటంలేదని వాళ్ళ తమ్ముడు ఎప్పుడో ఫిర్యాదు ఇచ్చాడట. ఆ తమ్ముడు వచ్చాడు. పిండిమరలో ఫొటో చూసి, "మా అన్నయ్యే," అని గోడకి ఆనుకుని ఏడ్చాడు. అక్క ఆ పిల్లాణ్ణి కూర్చోబెట్టి, ఆ పేరు మళ్ళీ మళ్ళీ చెప్పించుకుంది. తర్వాత ఆ పేరు పెట్టి, ఊరంతా వినేలా ఏడ్చింది.

ఇన్‌స్పెక్టరు సూదమ్మ ఇంటికి వచ్చి, టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. "ఇంకొక్కసారి వెళ్ళండమ్మా. కొట్టినవాడి పేరు కూడా అడిగి వచ్చేయండి, మా పని అయిపోతుంది."

"నేను చచ్చినా వెళ్ళను," అంది సూదమ్మ. "అంత కావాలంటే ఆయన్నే స్టేషనుకి పిలిపించుకోండి."

కోపంలో అన్న మాట. కానీ ఎవరు విన్నారో ఏమో...

ఆ రాత్రి స్టేషనులో ఇన్‌స్పెక్టరు, ఒక కానిస్టేబులు ఉన్నారు. ఎవరో తలుపు తట్టారు. కానిస్టేబులు వెళ్ళి చూస్తే ఎవరూ లేరు. గొణుక్కుంటూ తిరిగి వచ్చేసరికి, బల్లకి అవతల, వచ్చినవాళ్ళు కూర్చునే ఖాళీ కుర్చీ... మెల్లగా వెనక్కి జరిగింది. ఆగింది. మళ్ళీ — మనిషి కూర్చుని లాక్కున్నట్టు — బల్ల దగ్గరికి వచ్చింది.

"రాసుకుంటారా?" అని వినపడిందట, ఎంతో మర్యాదగా.

రాసుకోవడానికి అక్కడ ఎవరు మిగిలారని!